గవి ముందర కూర్చున్న అవ్వ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే ఆవిడ. హిందూపురంలో మా వీధి చివరే ఆమె బర్రెల కొట్టం. ఆ పొద్దు నేను దేవుడికి దీపం పెట్టి లేచేసరికి గడపలో క్యాను దించి నిలబడి ఉంది.

"అమ్మా, సినిమావోళ్ళంట. కారులో వచ్చి మా కొట్టం కాడ నీ ఇల్లు యాడని అడుగుతాండారు. కథలు బాగా రాస్తాదని చెప్పినా. ఎందుకైనా మంచిదని యాక్టింగు కూడా చేస్తాదని చెప్పినా."

నా చివరి ఉద్యోగం అలా పాలక్యానుతో పాటు వచ్చింది. అప్పటికే నేను పని మానేసి ఇంటిపట్టున ఉన్నాను. దేవుడు ఇంకొక్కటి మిగిల్చి పెట్టాడని నాకు తెలియదు.

కథా చర్చల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు, నవలను సినిమాగా మార్చేటప్పుడు ఏది తీసేయాలి, ఏది ఉంచాలి అని. నా దగ్గర సూత్రం లేదు. ఈ ఒక్క అనుభవం ఉంది. అందుకే రాస్తున్నాను.

నేను బడి మొహం చూడనిదాన్ని. చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టింది. బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్న మా నాయన సాయంత్రాలు ఇంటికొచ్చి అక్షరాలు దిద్దించారు, పురాణం చదివి వినిపించారు. ఆ చదువుకు మా ఇంట్లో ఒక నియమం ఉండేది. మా అవ్వ "ఊ" కొట్టందే నాయన ముందుకు పోకూడదు. అవ్వ కునుకు తీస్తే నాయన ఆగేవారు. "వినేవాళ్ళు లేని కథ చెప్పకూడదురా, వేరేవి వచ్చి కూర్చుంటాయి" అనేది అవ్వ. ఆ చదువుతోనే రేడియో నాటికలు రాశాను, టీవీ సీరియళ్ళకు మాటలు రాశాను, సినిమాల్లో స్క్రీన్‌ప్లే సహకారం అని చిన్న అక్షరాల్లో పేరు పడేదాకా వచ్చాను. నాకు అన్నం పెట్టింది ఆ ఇంటి చదువే. అందుకు నాయనకు ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

కారులో వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర దర్శకుడు. అదే అతని మొదటి సినిమా. రెండోవారు నిర్మాత, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. వాళ్ళు తీయాలనుకున్నది ఒక కాల్పనిక నవల. రాసినాయన ధర్మవరం జంక్షన్‌లో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరై, పెనుకొండలో కోటగోడ పక్క సందులో ఉంటున్నారు. ఆయన రాసింది ఆ ఒక్క నవలే. ఊళ్ళో చాలామందికి అదీ తెలియదు.

కథ చెబుతాను, లేకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. ఒక కొండ కింద ఊరు. ఆ ఊరి శబ్దాలన్నీ ఒక్కొక్కటే కొండలోకి వెళ్ళిపోతుంటాయి. ముందు ఆవుల మెడగంటలు మోగడం మానేస్తాయి. తర్వాత తిరగలి, తర్వాత చంటిపిల్లల ఏడుపు. ఒక ఆడపిల్ల వాటిని వెనక్కి తేవడానికి కొండ గవిలోకి, అంటే గుహలోకి, దిగుతుంది. లోపల చూపు పనిచేయదు. దారి తెలియడానికి ఒకటే ఉపాయం. పిల్ల కథ చెప్పుకుంటూ నడవాలి, గవి ముందర కూర్చున్న అవ్వ ఊ కొడుతూ ఉండాలి. ఊ ఎటునుంచి వినిపిస్తే అటే బయటికి దారి. కొంత దూరం పోయాక కొండ కూడా అవ్వ గొంతుతో ఊ కొట్టడం మొదలుపెడుతుంది, వేరే దిక్కునుంచి. ఏది అవ్వదో పిల్ల ఎలా కనిపెడుతుందంటే, కొండ ఊ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. అవ్వ ఊ కథతో పాటు మారుతుంది. దుఃఖం దగ్గర దిగుతుంది, నవ్వు దగ్గర లేస్తుంది. నిజంగా వినేవాళ్ళ ఊ అట్లాగే ఉంటుంది.

ఆ పుస్తకం మూసిన రోజు నేను వాకిలి తలుపు రెండుసార్లు చూసుకుని పడుకున్నాను.

మేము పెనుకొండకు మొదటిసారి వెళ్ళింది ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. కొండ మీది రాళ్ళన్నీ తెల్లగా కాగుతున్నాయి. సందులో కుక్క కూడా లేదు. నవలాకారుడికి చూపు దాదాపు పోయింది. గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని మా అడుగుల చప్పుడును బట్టి ఒక్కొక్కరికీ దండం పెట్టారు. ఒప్పందం కాగితం మీద వేలితో చోటు వెతుక్కుని సంతకం చేశాక ఒక్క మాట అడిగారు.

"ఏమన్నా మార్చుకోండి. సినిమా సంగతులు నాకు తెలీవు. ఆ గవి ముందర కూర్చున్న అవ్వను మాత్రం ఆడనుంచి లేపొద్దండి."

"అట్లాగే సార్" అన్నాడు దర్శకుడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

ఆయన చదవలేరు కాబట్టి, రాసిన సీన్లు నేను వెళ్ళి చదివి వినిపించాలని ఏర్పాటు. హిందూపురంలో బస్సెక్కి, మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు పెనుకొండ చేరేదాన్ని. మొదటి రోజు నాలుగు మాటలు చదివానో లేదో, లోపలి గదిలోంచి "ఊ" వినిపించింది.

మెత్తటి ఆడగొంతు. నేను ఆగి ఆ గది వైపు చూశాను. తలుపుకు పాతచీర తెర కట్టి ఉంది. ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించారు.

"చదువమ్మా. అది మా పక్కింటి పాప. మా ఇంటామె ఉన్నప్పుడు నేను రాసిందంతా ఆమెకు చెప్పేవాణ్ణి. ఆ గదిలో చేటలో బియ్యం పెట్టుకుని ఏరుకుంటా ఊ కొట్టేది. ఆమె ఊ కొట్టిన చోటే రాసుకునేవాణ్ణి, కొట్టని చోట కొట్టేసేవాణ్ణి. ఆమె పోయినాంక ఊరికే ఈడ కూర్చోని చెప్పుకుంటాంటే, ఒక పొద్దు లోపల ఊ అన్యారు. పక్కింటి పాప నా మీద జాలిపడి, ఎనక వాకిలి నుంచి వచ్చి కూర్చుంటాది. నేను కనిపెట్టినానని చెప్పలేదు. చెబితే సిగ్గుపడి మానేస్తాది."

"అయితే ఆ అవ్వ..." అన్నాను.

"అవ్వ మా ఇంటామే. ఇంగెవరు? ఫోటో గూడా లేదమ్మా ఆమెది. దిగనంటే దిగనని మొండి. ఈ లోకంలో ఆమె ఉండేది ఆ గవి ముందర ఒకచోటే."

నాకు ఆ పని బరువు అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి దేవుడి ముందు అదే చెప్పుకున్నాను, ఆ ముసలామెను నా చేత పోనీయకు స్వామీ అని.

ఆయన పాప అన్న ఆ పక్కింటావిడ ముస్లిం, ముగ్గురు పిల్లల తల్లి. వాళ్ళాయనకు బస్టాండు దగ్గర గాజుల అంగడి. నవలాకారుడిని మామా అనీ, పోయినామెను అత్త అనీ పిలిచేది. మూడోసారో నాలుగోసారో వెళ్ళినప్పుడు ఆమె వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే పోయి పలకరించాను. నువ్వు చేస్తున్న పని దేవుడు చూస్తాడమ్మా, ఆయన ప్రాణం నిలబెడుతున్నావు అన్నాను.

ఆమె తడిబట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను ముందు అనను."

"ఏమి అనవు?"

"ఊ. ముందు నేను అనను. ముందే ఒకటి వస్తాది. నేను దాని ఎనకంటే అంటా."

ఆమె తడిబట్ట తీగ మీద వేసి గొంతు తగ్గించింది.

"అత్త పోయినాంక ఒకనాడు మజ్జిగ ఇద్దామని ఎనక నుంచి వచ్చినా. మామ ముందరింట్లో కథ చెప్పుకుంటాండాడు. గదిలో ఎవురూ లేరు. చేట ఉండాది, బియ్యం ఉండాయి. ఊ అని అత్త గొంతు. మామ ఆడనుంచి 'ఎవరు' అన్యాడు. ముసలాయన, కండ్లు లేవు, ఒక్కడే ఇంట్లో. సచ్చిపోయిన మనిషి గొంతని తెలిస్తే గుండె ఆగిపోతాదేమో అని, నేను గట్టిగా ఊ అన్యా. దాని మీదనే. అప్పటినుంచి అంతే. ఆయమ్మ అంటాది, ఎనకనే నేనంటా. రెండూ కలిసి ఒకటే అనుకుంటాడు."

"నీకు భయం కాదా?"

"కాకేం. గదిలోకి పోయేముందు రోజూ అల్లాను తలుచుకుంటా. గోడ పక్క కూర్చుంటా, చేట పక్క చూడను."

పిల్లలూ, దీన్ని మీరెట్లా తీసుకుంటారో మీ ఇష్టం. నేను ఆ పైసారి వెళ్ళినప్పుడు చెవి పెట్టి విన్నాను. నిజమే. ఊ మొదట్లో ఒక సన్నని అంచు ఉంది, గుడ్డ మీద గుడ్డ పరిచినప్పుడు కింది అంచు కొంచెం బయటికి కనబడుతుందే, అట్లా. అర్ధరాత్రి కంటే మిట్టమధ్యాహ్నమే చెడ్డది అనేది మా అవ్వ. అయినా నేను పోవడం మానలేదు. ఆ గదిలో ఉన్నది చెడ్డదని నాకు ఒక్కసారీ అనిపించలేదు. భయం మాత్రం వేసేది. చెడ్డది కానిదానికి కూడా భయం వేస్తుందని అక్కడే తెలిసింది.

ఇటు హిందూపురంలో స్క్రీన్‌ప్లే పని సాగుతోంది. అద్దె గదిలో గోడ నిండా సీన్ల చీటీలు. సినిమాలో కనబడేది, వినబడేది తప్ప మూడోది లేదు. నవలలో "పిల్లకు అర్థమైంది" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది, సినిమాలో ఆ అర్థమవడాన్ని కూడా చూపించాలి. దర్శకుడు ఆ గవి సీన్ దగ్గర ఇరుక్కుపోయాడు.

"అమ్మా, చీకటి తెర. ఒక ముసలావిడ ఊ, ఊ అంటుంది. థియేటర్లో జనం నవ్వుతారు. తర్వాత రెండు ఊలు ఒకే గొంతుతో. ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?"

కొన్నాళ్ళకు అతనికి ఉపాయం తోచింది. అవ్వ బదులు దారం. వెలిగే ఎర్రటి దారం పిల్ల నడుముకు కట్టి ఉంటుంది, కొండ దొంగదారాలు పుట్టిస్తుంది. గ్రాఫిక్స్‌లో అద్భుతంగా ఉంటుందన్నాడు. నిర్మాతకు ప్రాణం లేచొచ్చింది.

"దారమంటే మాదే కదప్పా. మా ధర్మవరం దారం యాడన్నా తెగుతుందా? అదే పెట్టు. ముసల్దాన్ని ఎవురు చూస్తారు?"

నేను కాదన్నాను. వాళ్ళు గౌరవంగానే విన్నారు, గౌరవంగానే పక్కన పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే దర్శకుడి వాదనలో తప్పు లేదు. తెర మీద దారం బాగుంటుంది. అతనికి తెలియనిది ఒకటే, ఆ దారం కట్టడానికి అతను లేపుతున్నది ఎవరిని అనేది. నేను చెప్పాను కూడా, ఆమె ఆయన భార్య అని. "అయ్యో" అన్నాడు. "పుస్తకంలో ఉంటారు కదమ్మా" అన్నాడు. ఆయనకు తనే స్వయంగా చెబుతానని, కథ మొత్తం ఒకే విడతలో వినిపించి ఒప్పిస్తానని మమ్మల్ని పెనుకొండకు బయలుదేరదీశాడు.

ఆ రోజు ముందరి గదిలో అందరం ఉన్నాం. నవలాకారుడు కుర్చీలో. నిర్మాత మంచం మీద, చేతిలో ఫోను. దర్శకుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, కాగితాలు ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు. కుర్రవాడు కథ బాగా చెబుతాడు. లోపలినుంచి ఊ వస్తోంది, కింది అంచూ పైగుడ్డా కలిసి. దర్శకుడు దానికి అలవాటు పడిపోయాడు. ఊ కోసం ఆగుతున్నాడు, రాగానే అందుకుంటున్నాడు. నిర్మాత ఫోనులోంచి తల ఎత్తకుండానే, "లోపల ఎవురోగానీ నాకంటే బాగా వింటాండారే" అన్నాడు. తర్వాత గట్టిగా, "అమ్మా, కొంచెం టీ దొరుకుతాదా?" అని కేక వేశాడు.

కాసేపటికి పక్కింటావిడ తెర తొలగించుకుని టీ గ్లాసులతో బయటికి వచ్చింది. మాకు ఇచ్చి, నవలాకారుడి ముందు వంగి, "మామా, వేడిగా ఉండాది, చూసి పట్టుకో" అంటూ ఆయన చేతులు గ్లాసు చుట్టూ పెడుతోంది. దర్శకుడు ఆగలేదు.

"పిల్ల గవిలోకి అడుగు పెడుతుంది సార్. ఇక్కడ మేము చిన్న మార్పు చేశాం. గవి ముందు అవ్వ ఉండదు. ఎవరూ ఉండరు. ఒక దారం ఉంటుంది."

"ఊ..."

లోపలి గదిలోంచే. పొడుగ్గా, కిందికి దిగిపోతూ. సొంతవాళ్ళ గురించి వినకూడనిది విన్నప్పుడు ఆడవాళ్ళు అనే ఊ అది.

నా కళ్ళు పక్కింటావిడ మొహం మీదే ఉన్నాయి. ఆమె పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆయన చేతులు గ్లాసు మీదినుంచి జారి ఆమె మణికట్టు పట్టుకున్నాయి. వేళ్ళతో గాజులు తడుముకున్నారు. పక్కింటి పాప తన ముందే ఉంది. ఇన్నాళ్ళూ తను జాలి అనుకున్నది లోపల గదిలో ఉంది. ఆయనకు అది తెలిసిపోయింది.

ఆమె మెరుపులా తల లోపలి గది వైపు తిప్పి, "ఊ" అంది. గొంతు పగిలింది. "నేనే మామా. నేనే అన్యా."

దర్శకుడు అందరి మొహాలూ చూశాడు. "లోపల ఎవరున్నారు?" అన్నాడు. అతను కాగితం తిప్పాడు.

"లోపల ఆ పిల్లకు ఏమి వినిపిస్తాది నాయనా?" అని అడిగారు నవలాకారుడు.

"ఏమీ వినిపించదు సార్. నిశ్శబ్దం."

అతను ఊ కోసం ఆగాడు. రాలేదు. ఇంకో వాక్యం చెప్పి ఆగాడు. రాలేదు. మధ్యాహ్నం ఆ సందులో కాకి కూడా అరవలేదు. నిర్మాత చేతిలో ఫోను మోగుతున్నట్టు వెలుగుతోంది, శబ్దం లేదు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. దర్శకుడు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. తను రాసిన కథే, తన చేతివ్రాతే. "తర్వాత..." అన్నాడు. "తర్వాత ఆ పిల్ల..." నుదుటి మీద చెమట. ఎటు పోవాలో తెలియని మొహం. నా జన్మలో ఒక మనిషి కథ మధ్యలో అట్లా తప్పిపోవడం చూడలేదు.

అప్పుడు నవలాకారుడు నెమ్మదిగా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నేను చెబుతా" అన్నారు. ఆమె మణికట్టు ఇంకా వదల్లేదు. ఆమె లోపలికి పోవడానికి కదలబోయింది.

"నువ్వు పోవద్దు తల్లీ. ఈడనే కూర్చో. ఇన్నాళ్ళూ ఆమె మీద గుడ్డ కప్పినట్ల కప్పి నన్ను కాపాడితివి. ఈ పొద్దు ఊరికే విను. నాకేం భయం లేదు. నా పెండ్లామే కదా."

ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గవి ముందర అవ్వ కూర్చునుండాది" అని మొదలుపెట్టారాయన.

"ఊ" అంది లోపలి గది. ఒక్కటే. దాని మీద ఏదీ కప్పలేదు.

కథ చివరిదాకా చెప్పారు. ఎంతసేపో నేను చూడలేదు. పిల్ల బయటికి వచ్చేచోట ఊ నవ్వింది. నేను విన్నాను. నిర్మాత మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత సందులో ఎవరో సైకిల్ గంట కొట్టారు, ఆ చప్పుడుకి మేమందరం ఉలిక్కిపడ్డాం.

తిరుగు దారిలో కారులో, హిందూపురం పొలిమేరలో నిర్మాత ఒక్కమాట అన్నాడు. "ఏమప్పా, ఆ ముసలామెను లేపొద్దు." దర్శకుడు అప్పటికే కాగితాల మీద దారం అన్నచోటల్లా కొట్టేస్తున్నాడు.

అవ్వ తెర మీదికి మొహం లేకుండా వచ్చింది. వీపు, తల మీది కొంగు, బియ్యం ఏరే వేళ్ళు. మొహం చూపించకపోవడం దర్శకుడి ఆలోచనే, అందుకు అతనికి ఋణపడి ఉన్నాను. గొంతు పక్కింటావిడదే. ఆ గదిలోనే రికార్డు చేశారు. సౌండు చూసే అతను ఇయర్‌ఫోన్లు సర్దుకుంటూ, "మేడమ్, ఎక్కడో డబుల్ వస్తోంది, స్టూడియోలో తీసేస్తాను" అన్నాడు. "తీయొద్దు" అన్నాడు దర్శకుడు.

సినిమా కొన్ని థియేటర్లలో కొన్నాళ్ళు ఆడింది, తర్వాత ఫోన్లలోకి వెళ్ళింది. గవి సీన్‌లో జనం నవ్వలేదు. నవలాకారుడు దాన్ని చెవులతో చూశారు. ఆ మరుసటి సంవత్సరం నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ఏమైనా విన్నారా అని నేను అడగలేదు. చెప్పడానికి ఎవరూ లేని ఇంట్లో ఊ కొట్టాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది?

టైటిల్స్‌లో పక్కింటావిడ పేరు లేదు. దర్శకుడు వేస్తామంటే ఆమే వద్దంది. "నాది యాడిది అన్నా, నేను ఎనకంటి దాన్ని" అంది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. పిల్లల చదువులకని ధర్మవరం వెళ్ళారని ఒకరు, బెంగుళూరని ఒకరు చెప్పారు.

మీరు ఆ సినిమా చూస్తే, చనిపోయినామె గురించి ఆలోచిస్తారని నాకు తెలుసు. ఆలోచించండి, మంచిదే. కానీ ఆమెకు కథ రాసిన భర్త ఉన్నాడు, పుస్తకం ఉంది, తెర ఉంది. రెండో ఊ అన్నామెకు ఏమీ లేదు. ఒక గుడ్డి ముసలాయన భయపడకూడదని, రోజూ మధ్యాహ్నం తను భయపడుతూ ఆ గదిలోకి వెళ్ళి గోడ పక్కన కూర్చున్న ఆ మనిషిని, పేరు తెలియకపోయినా, ఒక్కసారి తలుచుకోండి.